పదహారు వచనాలకు పదహారు ఆదివారాలు

2 ఏప్రిల్ 2006, ఆదివారం

ఈ రోజు మొదలుపెట్టాను. తొంభై ఒకటో కీర్తన. దేవుని చాటున ఉన్నవాడికి ఏ భయమూ లేదని చెప్పే కీర్తన. పదహారు వచనాలు, ఆదివారానికి ఒకటి. మధ్యలో ఈస్టర్ తీసేస్తే జూలై ఇరవై మూడుకి పూర్తవుతుంది. క్యాలెండర్లో నీలం పెన్నుతో సున్నాలు చుట్టుకున్నాను.

గద్వాలలో పాస్టర్ ఏసురత్నం గారు ఇరవై మూడో కీర్తనను ఆరు ఆదివారాలు చెప్పారు. అప్పటినుంచి ఏ సభ పెట్టినా గోడ మీద ఆయన ఫొటోనే. ఇరవై మూడులో ఉన్నవి ఆరే వచనాలు. ఇది పోటీ కాదు. పోటీ కాదని ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను.

మా ఆవిడ వసంత క్యాలెండర్ చూసి, "దేవుణ్ణి నమ్మాలె అని చెప్పనీకె నాలుగు నెల్లు పడ్తదా?" అంది. అంగన్‌వాడీ టీచరు కదా, అన్నీ పిల్లల పాటల్లాగా రెండు ముక్కల్లో అయిపోవాలి ఆమెకు.

సుగుణమ్మవ్వ మాత్రం ప్రసంగం అయ్యాక కూడా కదలలేదు. డెబ్బై ఏళ్ల మనిషి. మందిరం వెనక వీధిలో రెండు మేకలతో ఒంటరిగా ఉంటుంది. చదువు రాదు. వచనాన్ని నా చేత చెప్పించుకుని, నోట పట్టి, గొణుక్కుంటూ ఇంటికి పోయింది. ఆమెకు బైబిల్ అంటే నేను చెప్పిందే. గర్వంగా అనిపించింది, రాయడానికి సిగ్గెందుకు.

9 ఏప్రిల్

రెండో వచనం. దేవుడే ఆశ్రయం, దేవుడే కోట. ఖిల్లా ఘణపూర్ కోటను ఉదాహరణగా చెప్పాను. సంఘ పెద్ద ఇస్రాయేలు మధ్యలోనే లేచాడు. ఆయన మేస్త్రీ. గోడల విషయంలో ఎవరినీ వదలడు.

"అయ్యగారు, ఆ కోట నేను సూసిన. సగం గోడ కూలింది. కూలిన దానితోని దేవుణ్ణి ఎట్ల పోలుస్తం?"

ఉదాహరణ మాత్రమే అన్నాను. అయితే మంచి గోడ ఉన్నది చెప్పమన్నాడు. ఏ కోట గోడ మంచిదో తేలేసరికి అరగంట పట్టింది. ఆశీర్వచనం చెప్పేసరికి ఒంటిగంట.

16 ఏప్రిల్, ఈస్టర్

జనం బాగా వచ్చారు. కీర్తన లేదు.

27 ఏప్రిల్

పేపర్లో వేశారు. దోమల జ్వరమట. కర్నూలు దాటి ఇటు వచ్చిందట. వచ్చినవాళ్లు నడుం వంగిపోయి కుర్చీ పట్టుకుని నడుస్తున్నారట. చికున్‌గున్యా అని పేరు. నోరు తిరగడానికే ఒక పూట పట్టింది.

ఏసురత్నం గారు మంచం పట్టారని ఇస్రాయేలు చెప్పాడు. వెంటనే ఆయన కోసం ప్రార్థన చేశాను. ఇరవై మూడో కీర్తనలో తెగులు మాట ఎక్కడా లేదు కదా అని కూడా అనుకున్నాను. అది ప్రార్థనలో భాగం కాదు.

14 మే

ఆరో వచనం. చీకట్లో తిరిగే తెగులు. పక్క ఊళ్లో పదిమంది పడ్డారని పొద్దున్నే తెలిసింది. ఇంతకంటె సమయానికి వచ్చిన వచనం ఉంటుందా.

నా జీవితంలో ఇంత బాగా ఎప్పుడూ చెప్పలేదు. మందిరం పైకప్పు రేకులు మోగాయి. తెగులు మన ఊరికి రాదని కీర్తన చెబుతోంది అన్నాను. లేదు, అలా అనలేదు. రాదు అనే అన్నాను. రెండుసార్లు.

ఇంటికి వచ్చాక వసంత అన్నం పెడుతూ అడిగింది. "రాదని మీకెవరు చెప్పిండ్రు?"

"కీర్తన."

"కీర్తనల మన ఊరి పేరు ఉన్నదా?"

పిల్లలతో ఉండి ఉండి ఆమెకు ఇలా అడగడం అలవాటైపోయింది.

16 మే

ఇస్రాయేలుకు మంచి ఆలోచన వచ్చింది. బైబిల్లో దేవుని జనం ఐగుప్తులో ఉన్నప్పుడు తలుపులకు గుర్తు పెట్టుకున్న ఇళ్ల జోలికి తెగులు రాలేదు కదా, మనమూ పెట్టుకుందామన్నాడు. మందిరం కిటికీలకు తెచ్చిన నీలం రంగు సగం డబ్బా మిగిలి ఉంది. పొద్దంతా తిరిగి మన సంఘం ఇళ్లు ముప్పై ఒక్కటింటికీ తలుపుల మీద జానెడు అక్షరాలతో 'కీర్తన 91' అని రాశాను. నా చేతిరాత బాగుంటుందని బైబిల్ స్కూల్లో కూడా అనేవాళ్లు.

సుగుణమ్మవ్వ తలుపు చిన్నది, 'కీర్తన' ఒక రెక్క మీద, '91' ఇంకో రెక్క మీద వచ్చింది. ఒక రెక్క మూసి ఉంచితే ఎట్లా అని అడిగింది. రెండూ కలిపి మూసుకో అవ్వా అన్నాను.

రైతు బాలస్వామి చేను నుంచి వస్తూ ఆగాడు. "మాకు గూడ రాయి పాస్టరూ, పోయేదేముంది." ఆంజనేయస్వామి స్టిక్కరు పక్కన జాగా చూసి రాశాను. సాయంత్రానికి ఊళ్లో సగం తలుపుల మీద కీర్తనే.

ఒక్క ఇమామ్ సాహెబ్ మాత్రం వద్దన్నాడు. ఊరికంతా సూదీ మందూ ఆయనే. "నా దర్వాజకు ఒద్దు పాస్టర్ సాబ్. జరం రాదని నేనే రాసుకుంటే, సూదులు ఎవనికి ఎయ్యాలె?" అని నవ్వి, చాయ్ తాగించి పంపాడు.

20 మే

దోమలకు మందు కొట్టేవాళ్లు వచ్చారు. ఆరుగురు మనుషులు, భుజాన పంపులు. వాళ్ల పద్ధతి ఏమిటంటే, మందు కొట్టిన ఇంటి తలుపు మీద సుద్దముక్కతో తేదీ, నంబరు వేయాలి. ఇస్రాయేలు ఇంటి దగ్గర వాళ్లలో ఒకడు మన అక్షరాల మీద సుద్ద పెట్టబోయాడు. ఇస్రాయేలు చెయ్యి పట్టుకున్నాడు.

"వాక్యం మీద గీతలు గీస్తరా?"

సూపర్‌వైజరు మంచివాడే. పక్కన రాస్తాం అన్నాడు. పక్కన జాగా లేదు. నేను పెద్దగా రాశాను కదా. గోడ మీద రాయండి అంటే, తలుపు మీదే ఉండాలని రూలు, గోడ మీద రాస్తే పైవాళ్లు ఒప్పుకోరన్నాడు. నన్ను పిలిచారు. నేను వెళ్లి, వాక్యానికి పక్కన మరో అంకె ఉండటం తగదని శాంతంగా చెప్పాను. గుర్తు వేయకుంటే కొట్టినట్టు కాదు, కొట్టినట్టు కానప్పుడు కొట్టడం ఎందుకన్నాడు సూపర్‌వైజరు. మాకూ అదే న్యాయమనిపించింది. పంపులు భుజాన వేసుకుని పక్క ఊరికి పోయారు.

వాక్యం గెలిచింది.

వసంత అంది, "ఎవరు గెల్సిండ్రో దోమలను అడుగుండ్రి."

21 మే

ఏడో వచనం. పక్కన వెయ్యిమంది కూలినా నీ దాకా రాదు. "మన ఊర్ల వెయ్యిమంది లేరు గద అయ్యగారు" అన్నాడు ఇస్రాయేలు. పక్క ఊరు కలుపుకోమన్నాను.

25 మే

బాలస్వామికి జ్వరం. ఆయన విశ్వాసి కాదు. ఆయన తలుపు మీద రాసింది అలంకారం మాత్రమే.

29 మే

ఇస్రాయేలు భార్యకు ఒళ్లు వేడి. ఎండదెబ్బ.

31 మే

మన సంఘంలో ఇంకా నాలుగిళ్లలో ఎండదెబ్బ.

2 జూన్

పొద్దున వసంత లేవలేకపోయింది. గోడ పట్టుకుని నిలబడింది. కాళ్లు వాచాయి. నేను ఎండ అనబోయాను. ఆమె నా వైపు చూసిన చూపుకు ఆ మాట లోపలికే పోయింది.

"ఇమామ్ సాబ్ దగ్గరికి పోత" అంది.

ఊళ్లో అందరూ చూస్తారని అన్నాను. ఈ ఆదివారం తొమ్మిదో వచనం, వచ్చే ఆదివారమే పదో వచనం, ఏ తెగులూ నీ గుడారం దగ్గరికి రాదనే వచనం, కీర్తన మొత్తానికి అదే గుండెకాయ అని కూడా చెప్పాను. ఒక్క రెండు వారాలు ఓర్చుకోమన్నాను.

వసంత సంచి సర్దుకుంది. నాగర్‌కర్నూల్‌లో ఆమె అన్న ఉన్నాడు. "ఆడ దవాఖాన ఉన్నది. మీ కీర్తన అయిపోయినంక ఫోన్ చెయ్యిండ్రి" అంది. బస్సు ఎక్కించాను. మెట్టు ఎక్కడానికి కండక్టరు చెయ్యి పట్టుకుంది, నా చెయ్యి కాదు.

పెళ్లికి పోయిందని చెప్పాను అందరికీ.

4 జూన్

తొమ్మిదో వచనం. ఆరాధన అద్భుతం. పాటకు ఎవరూ లేచి నిలబడలేదు. అంతగా ఆత్మలో మునిగిపోయారు. చప్పట్లు కూడా మెల్లగా, వేళ్లు మాత్రమే తగిలేలా కొట్టారు.

సాక్ష్యాలు ఏడు. ఏడు ఇళ్లవాళ్లు తెగులు తమ గడప తొక్కలేదని చెప్పారు. ఇస్రాయేలు స్తంభం పట్టుకుని చెప్పాడు. చెప్పడం అయ్యాక కూడా స్తంభం వదల్లేదు. చివర్లో మోకరించిన ఒకావిడను లేపడానికి ముగ్గురు కావలసి వచ్చింది. ప్రార్థన భారం అలాంటిది.

6 జూన్

మోకాళ్లు పట్టేశాయి. ఆదివారం ఎక్కువసేపు మోకరించాను.

7 జూన్

జ్వరం కాదు. ఎండ.

8 జూన్

ఎండ కూడా కాదు. రెండు రోజులుగా వాన.

9 జూన్

పెన్ను పట్టుకోవడం కష్టంగా ఉంది. చలికి.

11 జూన్

పదో వచనం. ఎక్కువ రాయలేను.

బల్ల రెండు అంచులు పట్టుకుని నిలబడి చెప్పాను. ఒక్కసారి కూడా వదల్లేదు. ఆశీర్వచనానికి చేతులు లేవలేదు. దేవుడు చేతులు చూడడు, హృదయం చూస్తాడు అని చెప్పి, చేతులు ఎత్తకుండానే ఆశీర్వదించాను. కొత్తగా ఉందని ఎవరో అన్నారు.

అసలు చిక్కు తర్వాత వచ్చింది. వేదికకు రెండు మెట్లు. దిగడం నావల్ల కాలేదు. అందరూ కళ్లు మూసుకుని మౌన ప్రార్థన చెయ్యండి, నేను చెప్పేదాకా తెరవొద్దు అన్నాను. కూర్చుని, వెనక్కి తిరిగి, చంటిపిల్లవాడిలా పాకుతూ దిగాను. పదకొండు నిమిషాలు. ఆమెన్ అనేసరికి నాకు చెమటలు. కళ్లు తెరవమన్నా ఎవరూ లేవలేదు. ఇంకా కొంచెంసేపు ప్రార్థిస్తామన్నారు. నేను ముందు వెళ్లిపోతే మంచిదన్నారు.

సుగుణమ్మవ్వ ఒక్కతే లేచి వచ్చింది. "రాదు అని గట్టిగ చెప్పినవయ్యా. మనసు నిండింది" అంది. ఆమె కాళ్లు కూడా వాచి ఉన్నాయి. చూశాను. చూడనట్టు ఉన్నాను.

13 జూన్

వనపర్తి పోయాను. ఊళ్లో పని ఉందని చెప్పి. ఎవరూ ఎరగని డాక్టరు కావాలని బస్టాండు వెనక సందులో ఒకాయనను వెతికి పట్టుకున్నాను. చీటీ రాయించుకుని లోపలికి పోతే బెంచీ మీద ఇస్రాయేలు.

ఇద్దరమూ ఒకరినొకరు చూసుకుని లేవబోయాం. ఇద్దరమూ లేవలేకపోయాం.

"ఇక్కడ ఒక సహోదరుడు జబ్బుగ ఉన్నడంటే ప్రార్థనకు వచ్చిన అయ్యగారు" అన్నాడు.

"నేనూ అందుకే వచ్చాను" అన్నాను.

"ఏ సహోదరుడు?"

"నువ్వు చెప్పిన సహోదరుడే."

ఆ సహోదరుడి కోసం అక్కడే కళ్లు మూసుకుని ప్రార్థించాం. ఇస్రాయేలు చాలా కన్నీళ్లతో ప్రార్థించాడు, ముఖ్యంగా కీళ్ల విషయంలో. మధ్యలో నర్సు వచ్చి, "ఇస్రాయేలు, సూదికి రావాలె" అంది. ఆయన కళ్లు తెరవలేదు. రెండోసారి పిలిచింది. "నిన్ను కాదేమోనయ్యా, అదే పేరున్నవాళ్లు ఇంకెవరో" అన్నాను. "అయ్యుంటదయ్యగారు, జర సూసొస్త" అని లోపలికి పోయి, నడుం పట్టుకుంటూ వచ్చాడు. తర్వాత 'ఆశీర్వాదం' అని నా పేరు పిలిచారు. "ఆశీర్వాదం గూడ మస్తుమందికి ఉంటది" అన్నాడు ఆయన, మెల్లగా.

బస్సులో పక్కపక్కనే కూర్చుని మేము దిగాల్సిన వీపనగండ్ల దాకా వచ్చాం. వానల గురించి మాట్లాడుకున్నాం.

16 జూన్

డాక్టరు మూడు సూదులు రాశాడు. రోజూ వనపర్తి పోతే జనానికి అనుమానం. ఇమామ్ సాహెబ్ దగ్గర వేయించుకుందామని వెనక సందులోంచి, ముళ్లకంచె దాటి, పెరటి తలుపు తట్టాను. పదకొండు గంటలు. పెరట్లో నాలుగు జతల చెప్పులు, మనుషులు మాత్రం కనపడలేదు. అన్నీ నేను ఎరిగినవే. ఆదివారం మందిరం బయట చూసేవే.

ఇమామ్ సాహెబ్ ఏమీ ఆశ్చర్యపోలేదు. బల్ల మీద పడుకోమన్నాడు.

"ముందటి దర్వాజ అందరికి. ఎనక దర్వాజ మీ సంఘపోళ్లకు. పది నుంచి పన్నెండు మీ టైం. మీరే లేటు చేసిండ్రు పాస్టర్ సాబ్. అందరు అయిపోయిండ్రు."

"అందరూ అంటే?"

"అందరు. ఒకరు వచ్చింది ఒకరికి తెల్వొద్దని ఒట్టు పెట్టించుకుంటరు. పాస్టరయ్యకు అసలే తెల్వొద్దు, దిల్ నొస్తదని అంటరు. నాకు ఆ ఒట్లు గుర్తు పెట్టుకునుడే పెద్ద పరేషాన్."

సూది దిగింది. నొప్పి తెలియలేదు. ముప్పై ఒక్క ఇళ్లు, ఒక్కొక్కరుగా, ఈ కంచె దాటి, ఈ బల్ల మీద. ఆదివారం మళ్లీ వచ్చి స్తంభాలు పట్టుకుని సాక్ష్యాలు. నన్ను నమ్మినట్టు చేశారు. నేను నమ్మినట్టు చేశాను. నవ్వు రావాలి. రాలేదు.

దూది తీసేస్తూ ఆయనే అన్నాడు. "సుగుణమ్మ ఒక్కతే రాలే. ఆమెకు వారం నుంచి జరం. నేనే గోలీలు పట్టుకుని పోయిన. మూతి తిప్పుకున్నది. మా అయ్య రాదన్నడు, రానిదానికి మందెందుకు అన్నది. మీరు చెప్తె ఇంటది. ముసలి పానం, జల్ది చెప్పిండ్రి."

17 జూన్

ఉదయం నుంచి పదకొండో వచనం చదువుతున్నాను. దూతలు నిన్ను కాపాడతారు, పన్నెండోది, నీ పాదానికి రాయి తగలకుండా చేతుల్లో ఎత్తుకుంటారు. ఈ రెండు వచనాల మీద నాకంటె ముందు ప్రసంగం చేసింది ఎవరని వెతికాను. సువార్తలో ఉంది. దేవాలయం శిఖరం మీద యేసును నిలబెట్టి, దూకు, నీకేం కాదు, కీర్తనలోనే రాసి ఉంది అని చెప్పింది సాతాను. ఈ కీర్తన మీద అంత ధైర్యంగా మాట్లాడినవాడు బైబిల్లో ఇంకెవరూ లేరు.

వాడు కూడా రాదు, కాదు అనే చెప్పాడు. దూకమన్నది మాత్రం ఎదుటివాడిని.

రేపు సెలవు పెట్టాలనిపిస్తోంది. పాస్టరుకు సెలవు ఎవరు ఇస్తారు?

18 జూన్

పదకొండో వచనం చెప్పాను. చెప్పింది ఏమీ గుర్తు లేదు. సాక్ష్యాలు తొమ్మిది.

సుగుణమ్మవ్వ రాలేదు. ఆమె కూర్చునే చోట ఎవరూ కూర్చోలేదు. ఎందుకు రాలేదని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

19 జూన్

అవ్వ ఇంటికి పోయాను, చెప్పేద్దామని. నులక మంచం మీద ముడుచుకుని ఉంది. మేకలు అరుస్తున్నాయి, పాలు పిండేవాళ్లు లేక. రెండు రోజులుగా ఏమీ తినలేదట. నీళ్లు తాగాలన్నా కుండ దాకా పోలేక ఊరుకుందట. పెదవులు పగిలాయి. నేను లోపలికి రాగానే కొంగు సర్దుకోబోయింది, చెయ్యి లేవలేదు.

"వచ్చే వారం వచనం ఏందయ్యా?" అని అడిగింది.

చెప్పాను. రాయి తగలదు. "మంచిగున్నది" అంది.

నీళ్లు తాగించాను. తర్వాత ప్రార్థన చేశాను. పెద్ద ప్రార్థన. స్వస్థత గురించి, దూతల గురించి, బాగా కుదిరింది. వచ్చేశాను. మందు మాట ఎత్తలేదు.

నేను పిరికివాడిని. ఇది ఇక్కడ తప్ప ఎక్కడా రాయలేను.

20 జూన్

నాగర్‌కర్నూల్‌కు ఫోన్ చేశాను. వసంత కాస్త నడుస్తోందట. కీర్తన అయిపోయిందా అని అడిగింది. నా జ్వరం, సంఘం సూదులు, అవ్వ సంగతి అన్నీ చెప్పాను.

"నాకు ఓర్సుకోమని చెప్పిండ్రు. నేను ఇనలే, బస్సెక్కిన. ఆ ముసలామె ఇంటుంది. గదే తేడ" అంది. "పోయి చెప్పిండ్రి. నేను గూడ సూది ఏసుకున్న అని చెప్పిండ్రి. ఉత్తగ మందు మింగుమంటె ఇనది."

"సంఘం ఏమనుకుంటుంది?"

"సంఘమంతా సూదులే గద."

"అవ్వ నమ్మకం పోతుంది వసంతా. ఆ ఒక్కతే నిజంగా దేవుణ్ణి నమ్మింది."

"పానం పోతె నమ్మకం ఏడ వెట్టుకుంటది?" అని ఫోన్ పెట్టేసింది.

దారిలో ఇమామ్ సాహెబ్ ఆపాడు. అవ్వను చూసి వస్తున్నాడట. ఇంకో రెండు రోజులు ఇలాగే ఉంటే వనపర్తి తీసుకుపోయినా లాభం ఉండదన్నాడు. గోలీల పొట్లం నా జేబులో పెట్టాడు. సైకిల్ ఎక్కుతూ, "మీ కీర్తన మంచిదే పాస్టర్ సాబ్. దాన్నేమన్న అన్ననా నేను?" అన్నాడు.

21 జూన్, బుధవారం

పొద్దున్నే పోయాను. మాట తడబడకూడదని దారంతా వల్లించుకున్నాను. ప్రసంగానికి ఎప్పుడూ ఇంత సిద్ధపడలేదు.

తలుపు తెరిచే ఉంది. ఒక రెక్క మాత్రమే. నేల మీద కూర్చున్నాను. కూర్చోవడానికే చాలాసేపు పట్టింది. ఆమె చూస్తూ ఉంది.

"అవ్వా, నాకు జ్వరం వచ్చింది. ఆరో తారీఖు నుంచి. వనపర్తిలో సూది వేయించుకున్నాను. ఇక్కడ ఇమామ్ సాహెబ్ దగ్గర మూడు వేయించుకున్నాను. అమ్మగారు పెళ్లికి పోలేదు, జ్వరంతో పోయింది. రాదు అని నేను చెప్పింది తప్పు. దేవుడు అలా చెప్పలేదు, నేనే చెప్పాను. మందు కొట్టేవాళ్లను వెనక్కి పంపింది కూడా నేనే."

అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పేశాను. ఆమె ఏడుస్తుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను. మేక వైపు చూసి, మళ్లీ నా వైపు చూసింది.

"ఎరికే" అంది.

"ఏం తెలుసు?"

"ఇమామ్ సాబ్ ఎనక దర్వాజకు పోయే తొవ్వ నా మేకల కొట్టం పక్కకెళ్లే గదయ్యా. ఇస్రాయేలు పోయిండు. ఆయన పెండ్లాం పోయింది. ఒక్కొక్కరు అందరు పోయిండ్రు. నువ్వు పోయినవు. కంప తట్టుకుని నీ లుంగీ చినిగింది గూడ సూసిన."

ఆ లుంగీ మడిచి ట్రంకుపెట్టెలో అడుగున పెట్టాను, వసంతకు కూడా కనపడకుండా.

"అన్నీ తెలిసి నువ్వెందుకు మందు మింగలేదవ్వా? దేవుడు కాపాడతాడనా?"

"దేవుని ముచ్చట దేవుడు సూసుకుంటడు. ఆయనకేంది, మస్తుమంది ఉన్నరు." కాసేపు ఆగింది, ఊపిరి అందక. "అందరు సాటుంగ పోయి సూదులేసుకునిరి. నేను గూడ పోతె, నీ మాట మీద నిలబడ్డోళ్లు ఊర్ల ఒక్కరన్న ఉంటరా? అంత గట్టిగ చెప్పినవు. ఒక్కరన్న ఉండాలె గదయ్యా. లేకుంటె ఆదివారం నాడు నువ్వు ఎవరి మొఖం సూసి చెప్తవు?"

పదకొండు వచనాలు చెప్పాను నేను, ఎవరి నీడలో ఎవరు దాక్కోవాలో. ఈమె కుండ దాకా నడవలేని ఒళ్లుతో పది రోజులు నన్ను కాస్తూ పడుకుంది. నాకు ఏడుపు వచ్చింది. ఆపుకోలేదు. చిన్నపిల్లాడిలా ఏడ్చాను, మోచేతులు నొప్పి పుట్టి కళ్లు తుడుచుకోవడం కూడా రాక.

"ఊకో" అంది. "గిప్పుడు ఏం చెయ్యమంటవో చెప్పు."

పొట్లం విప్పాను. వేళ్లు వంగక రెండు గోలీలు కింద పడ్డాయి, వెతుక్కున్నాను. ఆమె ఆ గోలీల వైపు చూడలేదు. నా మొహం వైపే చూస్తోంది. ప్రతి ఆదివారం చూసే చూపే. నేను ఏది చెబితే అది చెయ్యడానికి సిద్ధంగా ఉన్న ఆ చూపంటే ఇన్నేళ్లలో మొదటిసారి భయం వేసింది.

"మింగు అవ్వా" అన్నాను.

నోరు తెరిచింది. గోలీ వేసి, చెంబు పట్టుకుని కొంచెం కొంచెంగా నీళ్లు పోశాను. గొంతు దిగేదాకా చెంబు పట్టుకునే ఉన్నాను. మేకలకు మేత వేస్తానని, జావ కాచి తెస్తానని చెప్పాను. సరేనంది. లేవబోయి మంచం కోడు పట్టుకున్నాను. లేవలేకపోయాను. మళ్లీ కూర్చున్నాను.

"నీ జరం ఎట్లున్నదయ్యా?" అని అడిగింది.

తగ్గలేదని చెప్పాను.